కిడ్నీ మార్పిడి తర్వాత నేను వెళ్తున్న ఫాలో-అప్ క్లినిక్: ఆరేళ్ల అనుభవం మీద రివ్యూ

నాలుగు స్టార్లు. మొదటి ఏడాది సేవకే అయితే ఐదు ఇచ్చేవాణ్ని. మూడో ఏడు దాటాక అందుతున్న సేవకి మూడు మించి ఇవ్వలేను. సగటు తీస్తే నాలుగు వచ్చింది. కంపెనీల పద్దులు చూసే ఉద్యోగం నాది, అందుకే ఈ సగటు ఎలా వచ్చిందో కాస్త వివరంగా రాస్తున్నా. ఆసుపత్రి పేరు రాయడం లేదు. మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎక్కడున్నా తమ క్లినిక్‌లో ఏం చూసుకోవాలో, ఏం అడగాలో ఇందులో దొరికితే చాలు.

ముందు నా సంగతి. ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ కిడ్నీలో పేరుకుని దాన్ని పాడుచేసే జబ్బు) వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. కొంతకాలం డయాలసిస్ మీద ఉన్నా. తర్వాత మా అక్క కిడ్నీ ఇచ్చింది. పాత కిడ్నీలు తీసేయలేదు, చాలామందికి తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో కుడివైపు పెట్టారు. అంటే ఒంట్లో ఉన్నవి మూడు, పనిచేసేది ఒకటి. రోజూ వాడేవి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, చిన్న డోసు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ (ఈ మూడూ శరీరం కొత్త కిడ్నీ మీద దాడి చేయకుండా ఇమ్యూనిటీని అణిచేవి), ఒక బీపీ మాత్ర, ఈ మధ్య షుగరు మాత్ర. నా డోసులు, నా అంకెలు నావే. వాటిని చూసి ఎవరూ తమ మందులు మార్చుకోవద్దు.

ఈ క్లినిక్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది రక్తం తీసే గది. నవ్వకండి. టాక్రోలిమస్ రక్తంలో ఎంత ఉందో చూడాలంటే, రాత్రి డోసు వేసుకున్న పన్నెండు గంటలకి, పొద్దుటి డోసు వేసుకోకముందు రక్తం తీయాలి. మందు బాగా తగ్గిపోయిన వేళ ఇంకా ఎంత మిగిలి ఉందన్నదే ఆ కొలత. మాత్ర మింగేసి వెళ్తే రిపోర్టులో అంకె అమాంతం పెరిగి కనిపిస్తుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే మందు చాలక, శరీరం కిడ్నీ మీద దాడికి దిగుతుంది. మొదట్లో నేను వెళ్లిన ఒక ల్యాబులో ఈ సంగతి ఎవరూ అడిగేవారు కాదు, ఏ వేళకి వెళ్లినా సూది గుచ్చేవారు. ఇక్కడ సిస్టర్ నోట మొదటి మాటే, "పొద్దుటి మందు వేసుకున్నారా? రాత్రిది ఎన్నింటికి వేసుకున్నారు?" వేసుకున్నామంటే సూది పక్కన పెట్టేసి "రేపు రండి" అంటుంది. నా ముందున్న పెద్దాయన ఎవరి పేరో చెప్పి గదమాయించినా ఆవిడ చెయ్యి కదల్లేదు.

తెల్లవారగానే ల్యాబు తెరుస్తారు కాబట్టి మందు ఆలస్యమవదు. రక్తం ఇచ్చి, అక్కడే మాత్రలు వేసుకుని, ఆఫీసుకి వెళ్లిపోవచ్చు. సాయంత్రానికి మెసేజ్ వస్తుంది: టాక్రో లెవెల్ ఎంత, క్రియాటినిన్ (కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) ఎంత, డోసు మారిందా, మళ్లీ ఎప్పుడు రావాలి. కొన్ని చోట్ల "అంతా బాగుంది" అని ఒక్క ముక్క పంపి ఊరుకుంటారట. నాలాంటివాడికి అది సరిపోదు, అంకె కావాలి. 1.2, 1.3, 1.3, 1.5 అని వరసగా చూస్తేనే ఏదో జరుగుతోందని తెలుస్తుంది. చివరి 1.5 ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు.

మొదటి ఏడాది వీళ్లు పెట్టిన వరస దాదాపు కేడీఐజీఓ అనే అంతర్జాతీయ సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారమే ఉంది. ఇంటికొచ్చాక మొదటి నెలలో వారానికి రెండు మూడు సార్లు, మూడో నెల నిండేదాకా వారానికోసారి, ఆరో నెల దాకా రెండు వారాలకోసారి, ఏడాది నిండేదాకా నెలకోసారి, ఆ పైన రెండు మూడు నెలలకోసారి. ఎందుకింత చాదస్తం అని మొదట్లో విసుగు వచ్చేది. రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీ మీద దాడి చేయడం, చాలాసార్లు నొప్పి, జ్వరం లేకుండానే మొదలవుతుందని, మనిషికి తెలిసేలోపు రక్తంలో తెలుస్తుందని కోఆర్డినేటర్ మేడమ్ చెప్పాక విసుగు తగ్గింది. టెన్షన్ మాత్రం తగ్గలేదు. ఇప్పటికీ ఆ సాయంత్రం మెసేజ్ వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

వీళ్ల పనితనం తెలిసింది రెండో ఏట నాకు విరేచనాలు పట్టుకున్నప్పుడు. ఫోన్ చేస్తే మేడమ్ అడిగినవి మూడే: మూత్రం సరిగ్గా వస్తోందా, మందులు కడుపులో నిలుస్తున్నాయా, జ్వరం ఉందా. వెంటనే వచ్చి లెవెల్ ఇవ్వమన్నారు. విరేచనాలైతే మందు ఒంటికి పట్టదని, లెవెల్ పడిపోతుందని ఎవరైనా అనుకుంటారు. నాది 14 వచ్చింది. ఉండాల్సింది 5 నుంచి 8. పేగు గోడ మామూలుగా ఈ మందులో చాలా భాగాన్ని అక్కడే ఆపేస్తుందట. పేగు దెబ్బతింటే ఆ అడ్డు తొలగి మందు ఎక్కువగా రక్తంలోకి పోతుంది. ఎక్కువైన టాక్రోలిమస్ కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాల్ని బిగించేస్తుంది. పైగా ఒంట్లో నీరు తగ్గింది. క్రియాటినిన్ 1.8కి పోయింది. చేతులు ఎంత వణికాయంటే సంతకం కుదరలేదు. సెలైన్ పెట్టారు, డోసు తగ్గించారు. మైకోఫెనోలేట్ వల్ల కూడా విరేచనాలు వస్తాయి కాబట్టి దాన్ని నిందించే ముందు సీఎంవీ వైరస్‌కి, మిగతా ఇన్ఫెక్షన్లకి పరీక్షలు చేశారు. మందు ఆపేయమని ఫోన్‌లోనే చెప్పి చేతులు దులుపుకోకపోవడం నాకు నచ్చింది. వారం తిరక్కుండా 1.3కి వచ్చాను.

ఇంకో మెచ్చుకోవాల్సిన వస్తువు పసుపు కార్డు. డిశ్చార్జి నాడు ఇస్తారు, పర్సులో పడుతుంది. ఒకవైపు కిడ్నీ ఎక్కడుంది, ఏ మందులు వాడుతున్నారు, క్లినిక్ నంబరు ఎంత అని ఉంటుంది. రెండోవైపు "మమ్మల్ని అడగకుండా ఇవ్వకండి" అని మందుల పేర్లు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నేరుగా కిడ్నీకే చేటు. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, డిల్టియాజెమ్ లాంటివి టాక్రోలిమస్ లెవెల్‌ని పైకి తోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే ఫెనిటాయిన్, కార్బమాజెపైన్ కిందికి లాగుతాయి. అడుగున చిన్న అక్షరాల్లో గ్రేప్‌ఫ్రూట్ వద్దు, మూలికా మందులు వద్దు అని ఉంటుంది. ఈ కార్డు నిజంగా పనికొచ్చింది. ఒక రాత్రి దగ్గు, 101 జ్వరంతో దగ్గర్లోని వేరే ఎమర్జెన్సీకి వెళ్లాం. అక్కడి కుర్ర డాక్టరు క్లారిత్రోమైసిన్ రాయబోతుంటే కార్డు చూపించా. ఆయన వెనక్కి తిప్పి చదివి, రాసింది కొట్టేసి, కార్డులోని నంబరుకి ఫోన్ చేశారు. అర్ధరాత్రి కూడా డ్యూటీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఎత్తారు. మార్పిడి అయినవాళ్లకి 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటిన జ్వరం ఏదైనా తెల్లారేదాకా ఆగేది కాదని అక్కడే ఇంకోసారి చెప్పించుకున్నా.

బీకే వైరస్ గురించి మార్పిడికి ముందు నేనెప్పుడూ వినలేదు. చాలామందికి చిన్నప్పుడే సోకి, కిడ్నీల్లో ఊరికే పడి ఉండే వైరస్ అది. ఇమ్యూనిటీ తగ్గించే మందులు మొదలయ్యాక లేస్తుంది. నాకు మొదటి ఏడాదిలోనే, ఏ బాధా లేకుండా ఉన్నప్పుడు, మామూలు పరీక్షలో బయటపడింది. కొన్ని నెలలకోసారి దీనికి రక్తం చూడటం పద్ధతి కాబట్టి దొరికింది, లేకపోతే క్రియాటినిన్ పెరిగేదాకా తెలిసేది కాదు. దీన్ని నేరుగా చంపే నమ్మకమైన మందు లేదు. చేయగలిగిందల్లా ఇమ్యూనిటీని అణిచే మందుల్ని కాస్త వదులు చేసి, శరీరాన్నే దాంతో పోరాడనివ్వడం. మరీ వదులు చేస్తే అదే శరీరం కిడ్నీ మీద పడుతుంది. బడ్జెట్‌లో ఒక పద్దు కోస్తే ఇంకో పద్దు లేచినట్టే. మైకోఫెనోలేట్ సగం చేశారు. నెలనెలా వైరస్ లెక్క తగ్గుతూ సున్నాకి వచ్చేదాకా చూశారు. ప్రతిసారీ డాక్టరు ఒకటే చెప్పేవారు: "ఇవాళ ఏం మార్చామో, ఎందుకు మార్చామో మీ పుస్తకంలో రాసుకోండి. రేపు ఇంకో డాక్టరు సీట్లో ఉండొచ్చు." పేషెంటు రాసుకునే పుస్తకాన్ని గౌరవించే డాక్టర్లు తక్కువ. నా స్పైరల్ పుస్తకం చూసి నవ్వకుండా, చెయ్యి చాచి అడిగి చదివే మనిషి ఈయన.

నాలుగో ఏట మూత్రంలో ప్రోటీన్ కొద్దిగా కనిపించింది. క్రియాటినిన్ మారలేదు. వేరే చోటైతే "చూద్దాం" అనేవారేమో. వీళ్లు ముందు డీఎస్ఏ పరీక్ష చేయించారు. దాత కణాల మీద మన రక్తంలో యాంటీబాడీలు తయారయ్యాయా అని చూసే పరీక్ష అది. ఏళ్లు గడిచాక కిడ్నీని మెల్లగా తినేసే రిజెక్షన్‌కి ఎక్కువసార్లు కారణం ఈ యాంటీబాడీలే. మందులు తరచూ మరిచిపోయేవాళ్లలో, లెవెల్ పైకీ కిందికీ ఊగేవాళ్లలో ఇవి పుట్టే అవకాశం ఎక్కువ. నాకు లేవు. అయినా బయాప్సీ అన్నారు. కొత్త కిడ్నీ చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టి, స్కానింగ్‌లో చూస్తూ సూదితో చిన్న ముక్క తీశారు. తర్వాత గంటల తరబడి కదలకుండా పడుకోవాలి, మూత్రంలో రక్తం వస్తోందేమో చూస్తారు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించే ముందు రక్తం కారే ముప్పు గురించి డాక్టరే కూర్చుని చెప్పారు, వార్డు బాయ్ చేత కాగితం పంపలేదు. రిపోర్టులో బాన్ఫ్ స్కోర్లు ఉంటాయి. 1991లో కెనడాలోని బాన్ఫ్ అనే ఊళ్లో డాక్టర్లు కూర్చుని, రిజెక్షన్‌ని ఎక్కడైనా ఒకేలా చదవడానికి పెట్టుకున్న పద్ధతట. ప్రపంచమంతా ఒకే కొలబద్ద వాడటం అకౌంటెంటుగా నాకు భలే నచ్చింది.

నా రిపోర్టులో రిజెక్షన్ లేదు. పాత ఐజీఏ జబ్బే కొత్త కిడ్నీలో కొంచెంగా తొంగిచూస్తోంది. వినగానే కాళ్లు చల్లబడ్డాయి. మార్పిడి జబ్బుని మొత్తంగా తీసేయదు, చెడిన అవయవాన్ని మారుస్తుందంతే. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన మొదటి విజయవంతమైన కిడ్నీ మార్పిడి రూపంలో ఒకేలా ఉండే కవలల మధ్య జరిగింది. తమ్ముడైనా అన్నయినా కణాలు ఒకటే కాబట్టి రిజెక్షన్ బెడద లేదు. అయినా అలాంటి కవలల మార్పిడుల్లోనే పాత కిడ్నీ జబ్బు కొత్తదాంట్లో తిరిగి రావడాన్ని ఆ తర్వాతి ఏళ్లలో గమనించారు. ఇది డాక్టరు గారే చెప్పారు. ధైర్యం చెప్పడానికి చెప్పారో, భయపెట్టడానికో తెలియలేదు గానీ నాకు ఎందుకో నిదానం వచ్చింది. బీపీ మాత్ర పెంచారు, అది ప్రోటీన్ కారడాన్ని కూడా తగ్గిస్తుంది. ఇప్పుడు ప్రతిసారీ మూత్రం చూస్తున్నారు.

ఇక్కడిదాకా ఐదు స్టార్లు. ఇక తగ్గించినవాటి లెక్క.

ఏడాది దాటి, అంకెలు కుదురుకుని, ఫైలు మీద "స్టేబుల్" అని పడ్డాక ఈ క్లినిక్ చూపంతా క్రియాటినిన్ మీదే ఉంటుంది. కిడ్నీ తప్ప మిగతా మనిషి ఎలా ఉన్నాడన్నది అడిగితేనే. కానీ ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు అక్కడినుంచే వస్తుంది. మార్పిడి కిడ్నీ పనిచేస్తూ ఉండగానే చనిపోయేవాళ్లలో పెద్ద కారణం గుండె జబ్బు. ఈ మందులే బీపీని, కొలెస్టరాల్‌ని, షుగరుని పెంచుతాయి. కొలెస్టరాల్ రిపోర్టు నా ఫైల్లో ఏడాదిన్నరగా లేదని నేను చెబితే గానీ రాయలేదు.

షుగరు సంగతి ఇంకా కోపం తెప్పించింది. టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ షుగరు తెచ్చేవే. వీళ్లు ప్రతిసారీ పరగడుపున చూసేవారు, ఎప్పుడూ నార్మలే. కానీ పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ ప్రభావం మధ్యాహ్నం, సాయంత్రం వేళ షుగరు మీద పడుతుంది. పరగడుపున అది దాక్కుంటుంది. దాహం, అలసట ఉన్నాయని చెబితే "ఫాస్టింగ్ బాగుంది కదా" అన్నారు జూనియర్ డాక్టరు. భోజనం తర్వాత చూడమని నేనే పట్టుబట్టాక 240 వచ్చింది, మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.4. షుగరు డాక్టరు అదే ఆసుపత్రిలో ఇంకో అంతస్తులో ఉంటారు. ఇద్దరికీ కంప్యూటర్లు ఉన్నాయి, ఒకరి స్క్రీన్ మీద ఉన్నది ఇంకొకరికి కనిపించదు. కాగితాలు మోసేది నేను. ఒకసారి ఆయన రాసిన కొత్త మాత్ర సంగతి కిడ్నీ క్లినిక్‌కి రెండు నెలల తర్వాత తెలిసింది, అదీ నా పుస్తకం చూసి.

చర్మం. ఇమ్యూనిటీ మందులు ఏళ్ల తరబడి వాడేవాళ్లకి చర్మ క్యాన్సర్లు, అందులోనూ స్క్వేమస్ సెల్ రకం, మామూలు జనం కంటే చాలా ఎక్కువగా వస్తాయి. తెల్ల చర్మం ఉన్నవాళ్లకి మరీ ఎక్కువ, అలాగని మిగతావాళ్లకి మినహాయింపు లేదు. ఎండలో ఒళ్లు కప్పుకోవడం, పెదవులు, చెవులు, మానని పుండ్లు చూసుకోవడం, ఏడాదికోసారి చర్మ డాక్టరుకి ఒళ్లంతా చూపించడం మంచిది. ఇన్నేళ్లలో నా చొక్కా విప్పి వీపు చూసినవాళ్లు ఈ క్లినిక్‌లో లేరు. చర్మ డాక్టరుకి చీటీ నేనే అడిగి రాయించుకున్నా. ఆవిడ ఒక పులిపిరి కాల్చారు, ఇంకేమీ లేదన్నారు. మెడలో, చంకలో గడ్డలు తడుముకుని చూసుకోవడం కూడా ఆవిడే నేర్పారు. ఇమ్యూనిటీ అణిగి ఉన్నప్పుడు ఈబీవీ అనే వైరస్ వల్ల లింఫోమా లాంటి జబ్బు రావచ్చట.

ఎముకల విషయంలో మాత్రం మార్కులు వేయాలి. కుడి తుంటి నొప్పి అనగానే వయసు మీద నెట్టేయకుండా ఎమ్మారై తీయించారు. స్టెరాయిడ్ వాడినవాళ్లకి తుంటి ఎముక తలకి రక్తం అందక చితికిపోయే ప్రమాదం ఉంది, మామూలు ఎక్స్‌రేలో అది మొదట్లో కనిపించదు. నాకు అదేమీ లేదని తేలింది, నడవడమే మందన్నారు.

టీకాల పట్టిక బాగుంది. మనకి లైవ్ టీకాలు పనికిరావు, చంపిన వైరస్‌తో చేసే ఫ్లూ టీకా ఏటా వేయించుకోవచ్చు. ఇంట్లోవాళ్లు కూడా తమ టీకాలు వేయించుకుంటే మనకే రక్ష. ఆడవాళ్లకి గర్భం విషయంలోనూ స్పష్టంగా చెబుతారు. హాల్లో నా పక్కన కూర్చునే ఒకావిడకి మైకోఫెనోలేట్ ఆపి అజాథయోప్రిన్ పెట్టి, కుదురుకున్నాకే గర్భానికి ఒప్పుకున్నారు. మైకోఫెనోలేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, కనీసం ఆరు వారాల ముందే ఆపాలి. ఆ పాప ఇప్పుడు హాల్లో అందరి కాళ్లకీ అడ్డం పడుతూ తిరుగుతోంది.

ఆ హాలు గురించి చెప్పాలి. ఇమ్యూనిటీ తక్కువ ఉన్నవాళ్లందరినీ, దగ్గుతున్న మామూలు ఓపీ పేషెంట్లనీ ఒకే చోట కూర్చోబెట్టడం ఏం ఆలోచనో నాకు అర్థం కాదు. మాస్కు పెట్టుకుని, కిటికీ పక్క కుర్చీ కోసం ముందే వెళ్తా. అపాయింట్‌మెంట్ టైముకి, లోపలికి పిలిచే టైముకి సంబంధం ఉండదు. డ్యూటీ నెఫ్రాలజిస్టు రాత్రి కూడా ఫోనెత్తుతారన్నాను కదా, అది ఎమర్జెన్సీకే. మందు అయిపోయింది, చీటీ కావాలి లాంటి చిన్న పనికి ఆదివారం ఎవరూ దొరకరు. ఒక్క పూట మందు తప్పితే ఏమవుతుందిలే అనుకునే జబ్బు కాదు ఇది.

మనసు గురించి అడిగేవాళ్లు అసలే లేరు. పదిహేనేళ్లకి మార్పిడి అయిన ఒక కుర్రాడు పిల్లల విభాగం నుంచి ఇక్కడికి మారాడు. అక్కడ వాళ్లమ్మ చేత చెప్పించుకునేవాళ్లు, ఇక్కడికొచ్చాక అతన్నే అడుగుతున్నారు. అతను మాట్లాడడు. మందులు మానేస్తున్నాడని వాళ్లమ్మ నా పక్కన కూర్చుని గుసగుసగా చెప్పింది. ఆ వయసులో, అలా మారే సమయంలోనే చాలామంది కిడ్నీ పోగొట్టుకుంటారని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఇంత తెలిసినవాళ్లు ఒక కౌన్సెలర్‌ని పెట్టుకోలేరా? మాలాంటి పెద్దవాళ్లకీ అక్కరే. పక్కవాళ్ల అవయవం మోస్తూ బతకడం కొన్ని రాత్రులు బరువుగా ఉంటుంది.

నేను స్టారు కోయడానికి అసలు కారణం ఇంకోటి, మా అక్క. ఒక కిడ్నీ ఇచ్చినవాళ్లు కూడా ఏటా బీపీ, మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ చూపించుకోవాలి, జీవితాంతం. ఆపరేషన్ ముందు ఆవిడకి చేయని పరీక్ష లేదు. మనసు డాక్టరు కూడా మాట్లాడారు. కుట్లు విప్పాక మొదటి ఏడాది ఒకసారి పిలిచారు, అంతే. నాకు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు, ఆమెకి ఒక్కటీ లేదు. "నాకేంరా, నేను పేషెంటుని కాదు కదా" అంటుంది. కిందటేడు నాతో పాటు బలవంతంగా తీసుకెళ్లి బీపీ చూపిస్తే 150 ఉంది. ఆమెకి ఎప్పట్నుంచి ఉందో ఎవరికీ తెలియదు. కోఆర్డినేటర్ మేడమ్‌కి చెబితే నిజంగా నొచ్చుకున్నారు, దాతలకి వేరే రిజిస్టరు లేదన్నారు. పై వాళ్లకి కాగితం రాసిచ్చాను. అక్క ఇప్పుడు మాత్ర వేసుకుంటోంది, ఏటా పరీక్షల తేదీ నా పుస్తకంలో నేనే రాస్తున్నా.

కొత్తగా చేరేవాళ్లకి నాలుగు మాటలు. సోమవారం వెళ్లకండి, ఆదివారం ఆగిపోయినవాళ్లంతా ఆ రోజే వస్తారు. లెవెల్‌కి రక్తం ఇచ్చే రోజు పొద్దుటి మాత్రలు జేబులో పెట్టుకుని వెళ్లండి. షుగరుకి పరగడుపుతో పాటు భోజనం తర్వాత కూడా రాయమనండి. దాతని వెంట తీసుకెళ్లి, వాళ్ల పేరుతో వేరే ఫైలు తెరిపించండి. బయటికొచ్చే ముందు కింద ఫార్మసీలో కూర్చునే పెద్దాయనకి మందులు చూపించండి. టాక్రోలిమస్ కంపెనీ మారినా, రోజుకి రెండుసార్లు వేసుకునేదానికి బదులు ఒక్కసారి వేసుకునేది ఇచ్చినా ముందు పట్టుకునేది ఆయనే, డాక్టరుకి ఫోన్ చేసి మళ్లీ లెవెల్ రాయించేదీ ఆయనే.